ఏడేళ్లుగా ఊళ్లో ఉన్నట్టు

శివకుమారికి ఇరవై ఏళ్లు వచ్చేదాకా మన దేశానికి స్వాతంత్ర్యం ఎట్లా వచ్చిందో తెలియదు. వచ్చిన సంగతి తెలుసు. ఆగస్టు పదిహేనున బడిలో జెండా ఎగరేసి చేతిలో రెండు చాక్లెట్లు పెట్టేవాళ్లు. అదెట్లా వచ్చిందో చెప్పే పాఠం మాత్రం సాంఘికశాస్త్రం పుస్తకంలో వెనక సగంలో ఉండేది. ఆ పాఠం ఫిబ్రవరిలో చెప్పేవాళ్లు. ఫిబ్రవరిలో శివకుమారి గుంటూరు వైపు మిరపచేలో ఉండేది.

ఆమెది కర్నూలు జిల్లా పడమటి కొసన, ఎమ్మిగనూరుకు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న నడిమిదిన్నె. వాన పడితే బురద, పడకపోతే నెర్రెలు, రెండింటికీ నేల ఒకటే. తండ్రి రంగస్వామికి రెండెకరాలుంది. ఆ రెండెకరాల పంట ఇంటికి చేరగానే, కొన్నేళ్లు చేరకముందే, ఊరు ఊరంతా తూర్పుకు కదులుతుంది. దీన్ని వాళ్లు సుగ్గికి పోవడం అంటారు. సుగ్గి అంటే పంటకోతల కాలం, కన్నడసీమ నుంచి వచ్చిన మాట. పంట పరాయివాళ్లదైనా కోత తమదే కదా అనుకున్నారేమో, గుంటూరు పోయి కూలికి మిరపకాయలు కోయడానికి కూడా అదే పండగలాంటి పేరు ఉంచుకున్నారు.

కార్తీకం దాటగానే బొజ్జన్న లారీ తెచ్చేవాడు. బొజ్జన్న కూలీలను కూడగట్టి తీసుకుపోయే మేస్త్రీ. జొన్నపిండి మూటలు, గిన్నెలు, కోళ్లు, చంటిపిల్లలు, ఆ చంటిపిల్లల్ని చూసుకోవడానికి అవ్వలు, అందరూ ఆ లారీలోనే. ఊళ్లో ఎవరూ మిగలరని కాదు. నడవలేనివాళ్లు ఒకరిద్దరు, గుడి పూజారి, చౌకదుకాణం శెట్టి, కుక్కలు మిగిలేవి. శెట్టి కూడా బేరం లేక నెలకు ఇరవై రోజులు ఆదోనిలో కూతురింట్లో ఉండేవాడు. మళ్లీ ఉగాది దాటాక, ఏప్రిల్ ఆఖరుకు లారీ తిరిగొచ్చేది.

అందుకని శివకుమారి చదువు ప్రతి ఏడూ జూన్‌లో మొదలై నవంబరులో ఆగిపోయేది. పుస్తకాల ముందు సగం ఆమెకు కంఠతా వచ్చు. లెక్కల్లో భిన్నాలు మొదలయ్యేవి, కూడికలు తీసివేతల దాకా వచ్చేవి, లారీ వచ్చేది. మరుసటి ఏడు పైతరగతి పుస్తకం 'మనం కిందటి తరగతిలో నేర్చుకున్నట్టు' అని మొదలయ్యేది. ఆ 'మనం' ఎవరో తనకు ఎప్పుడూ అర్థం కాలేదని శివకుమారి ఇప్పటికీ అంటుంది. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వదు, వినేవాళ్లే నవ్వాలి.

దసరా ముందు పెట్టే పరీక్షల్లో క్లాసు ఫస్టు ఆమెదే. సంవత్సరం చివరి పరీక్షలు మాత్రం ఒక్కసారి కూడా రాయలేదు. అయినా పైతరగతికి పంపేవాళ్లు. రాసినవాళ్లు, పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు, క్లాసుకు నలుగురో ఐదుగురో ఉండేవాళ్లు, ఆ నలుగురినే పైకి పంపితే పై క్లాసు అయ్యవారికి పని ఉండదు కదా.

ఒక్క ఏడు మాత్రం వెనక సగం కూడా దొరికింది. ఆరో తరగతిలో ఉండగా, మిరపచేను పక్క ఊరి బళ్లో హిమబిందు అనే టీచరమ్మ ఈ పిల్లను చూసి, "పొలంలో ఏం చేస్తావు, వచ్చి కూర్చో" అంది. మూడు నెలలు కూర్చుంది. భిన్నాల గుణకారం అక్కడే వచ్చింది. అక్కడి హాజరుపట్టీలో ఆమె పేరు లేదు, ఇక్కడి హాజరుపట్టీలో పేరుంది, మనిషి లేదు. ఆ ఏడు ఆమె రెండు బళ్లలో చదివింది. కాగితాల ప్రకారం రెండింటిలోనూ చదవలేదు.

ఏడో తరగతి తర్వాత ఆ ముందు సగం కూడా పోయింది. బొజ్జన్న ఆమెను సగం కూలి నుంచి నిండు కూలికి మార్చాడు. తల్లి భీమక్క ఊరంతా చెప్పుకుంది. బళ్లో ఎప్పుడూ పెద్ద పరీక్ష రాయని పిల్ల మిరపచేలో పై క్లాసుకు పోయిందని.

అట్లా ఐదేళ్లు గడిచాక నడిమిదిన్నె బడికి ఏసుకుమార్ అనే అయ్యవారు బదిలీ మీద వచ్చాడు. ఆయనకు ఓపెన్ స్కూలు పిచ్చి. చదువు మధ్యలో ఆపిన వాళ్లందరి ఇళ్లకూ తిరిగి పేర్లు రాసుకునేవాడు. ఒకరోజు రంగస్వామి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

"ఓపెన్ స్కూలంటే బడికి పోయే పన్లేదమ్మా. వీలున్నప్పుడు సదువుకోవచ్చు. బడే మీ ఇంటికొస్తాది."

"వచ్చే బడి మిరపకాయలు కోస్తాదా అయ్యవారా?" అని అడిగింది భీమక్క.

"కోయదు."

"అట్లయితే దానికి కూడు యాడ పెట్టేది?"

శివకుమారి లోపల్నుంచి వచ్చి ఫారం మీద సంతకం పెట్టేసింది. భీమక్క కూతురి వైపు చూసి, "సంతకం శానా బాగ పెడ్తాది. ఆ మాత్రానికి సదువు ఎందుకో?" అంది. అని, అయ్యవారికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఓపెన్ పది పరీక్షలు ఏప్రిల్‌లో పడ్డాయి. ఏప్రిల్ అంటే మిరప ఆఖరి కోత. శివకుమారి బొజ్జన్నతో పోట్లాడి బస్సెక్కి ఒంటరిగా ఊరికి వచ్చింది. పరీక్షలు జరిగిన ఎనిమిది రోజులూ తాళాలేసిన వీధిలో తమ ఇంటి తాళం ఒక్కటే తీసి ఉంది. పుస్తకం పైకి చదివితే ఎదురింటి గోడ తిరిగి చదివేదట. పందొమ్మిదేళ్ల వయసులో ఆమె ఏప్రిల్‌లో సొంత ఊరును చూడటం అదే మొదలు. వేపచెట్లు పూత మీద ఉన్నాయి. తమ ఊళ్లో వేప ఇంత పూస్తుందని తనకు తెలియదంది.

పది పాసైంది. తెలుగులో డెబ్బై ఎనిమిది, లెక్కల్లో ముప్పై ఐదు. తర్వాత రెండేళ్లకు ఓపెన్ ఇంటర్ కూడా అయింది. మార్కులు చూస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ చరిత్రలో అరవై దాటాయి. పుస్తకాల వెనక సగాలు ఒక్కసారిగా చేతికి దొరికేసరికి చరిత్ర మీద ఆమెకు ఆకలి పుట్టింది. కర్నూలులో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఒకటుంది, చరిత్ర ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా హాస్టలుంది. హాస్టలు ఉంటే సుగ్గికి పోకుండా ఏడాది పొడుగునా ఒకచోట ఉండి చదవొచ్చు. ఆమె దరఖాస్తులో ఆ ఒక్క కాలేజీయే పెట్టింది. నెట్ సెంటర్ అబ్బాయి, "రెండోది కూడా పెట్టక్కా, ఇది రాకపోతే?" అన్నాడు. "రాకపోతే బొజ్జన్న లారీ ఉండాది," అంది శివకుమారి.

రెండువేల ఇరవై నాలుగు, ఆగస్టు. ఆ కాలేజీలో సీట్లు నూటికి ఎనభై ఐదు స్థానికులకు. స్థానికులం అని చూపడానికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన బళ్ల కాగితాలు కావాలి. బడికి పోకుండా చదివినవాళ్లయితే, గడిచిన ఏడేళ్లుగా వరుసగా ఈ ప్రాంతంలోనే నివాసమున్నట్టు రెవెన్యూ వాళ్లిచ్చే కాగితం కావాలి. గడువు ఆగస్టు ఇరవై.

నడిమిదిన్నె వీఆర్వో పేరు వీరభద్ర. మంచివాడు. రోజూ ఎమ్మిగనూరు నుంచి మోటారు సైకిలు మీద పదిన్నరకు వచ్చి, నాలుగున్నరకు పోయేవాడు. శివకుమారి చెప్పింది విని, "దాందేముంది పాపా, మీ వూరు ఇదే అని నాకు తెలీదా? రుజువేదన్నా ఒగటి పట్టుకొనిరా. రేషన్ కార్డు అయినా సరే. సోమవారం ఇద్దురు సాక్షుల్ని పిల్చకరా, పంచనామా రాసి పైకి పంపిస్తా," అన్నాడు.

ఇంతటితో అయిపోవాల్సింది. శివకుమారి రేషన్ కార్డు జిరాక్సు తీసి పెట్టుకుంది. కానీ రంగస్వామికి అది నచ్చలేదు.

"రేషన్ కార్డు ఊరందరికీ ఉండాది. దాంట్లో నీ గొప్పేముండాది?"

"గొప్ప అడగలే నాయనా. రుజువు అడిగినారు."

"ఏడేండ్లు అన్నారు కద? వరుసగా అన్నారు కద?"

"అన్నారు."

"నాకు వదిలిపెట్టు."

రంగస్వామి మాట మీద నిలబడే మనిషి. ఏడేళ్లుగా వరుసగా ఒకచోట ఉండటం అంటే ఆయన దృష్టిలో అది నమ్మకానికి సంబంధించిన విషయం. అట్లాంటి నమ్మకం తన కుటుంబం మీద ఎవరికుందో ఆలోచించాడు. ఊళ్లోవాళ్లకు లేకపోలేదు, కానీ ఊళ్లోవాళ్లు కాగితం మీద రాసివ్వరు, రాసినా ముద్ర ఉండదు. శనివారం పొద్దున బస్సెక్కాడు. ఎక్కడికని అడిగితే, "పని మీద," అన్నాడు. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చాడు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, టవల్లో చుట్టి ఏదో తెచ్చాడు. చూపించమంటే, "రేపు సార్ ముందర తీస్తా," అన్నాడు. మొహంలో వెలుగుంది. తాను కూడా ఆ వెలుగు చూసి ధైర్యంగానే నిద్రపోయానంటుంది శివకుమారి.

సోమవారం గ్రామ సచివాలయంలో వీరభద్ర బల్ల ముందు నలుగురు కూర్చున్నారు. శివకుమారి, రంగస్వామి, సాక్షులుగా ఎదురింటి నాగలక్ష్మమ్మ, మేస్త్రీ బొజ్జన్న. పంచనామా దాదాపు అయిపోయింది. 'ఏడేళ్లుగా ఊళ్లో ఉన్నట్టు మాకు తెలుసు' అనే దాకా వీరభద్ర రాశాడు. సాక్షులు పెన్ను కోసం చేయి చాపారు.

"ఒగ నిమిషం సార్," అన్నాడు రంగస్వామి. టవల్ విప్పి, కవరు విప్పి, మడత పెట్టిన కాగితం తీసి రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. "ఇది కూడా కలుపుకోండి. గట్టిగ ఉంటాది."

వీరభద్ర చదవడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ పైకే చదివాడు. మొదటి ముక్క చెవిన పడగానే శివకుమారి చేయి ముందుకు పోయింది, కానీ బల్ల వెడల్పు ఎక్కువ.

"నడిమిదిన్నె గ్రామస్థుడు రంగస్వామి, భార్య భీమక్క, వారి పిల్లలు గడిచిన ఏడు సంవత్సరాలుగా వరుసగా, ఒక్క ఏడు కూడా తప్పకుండా, నవంబరు మొదలు ఏప్రిల్ వరకు మా పొలమునందే నివాసముండి పనిచేయుచున్నారు. వీరి కుమార్తె శివకుమారి ఒక్కరోజైనా నాగా పెట్టి ఎరుగదు. పరీక్షలకు పోయిన రోజులు మినహాయింపు. మిక్కిలి నమ్మకస్తులు."

కింద గుంటూరు జిల్లాలో పురుగుమందుల దుకాణం, ముప్పై ఎకరాల మిరపతోట ఉన్న కేశవయ్య సంతకం. దుకాణం ముద్ర గుండ్రంగా, ఊదారంగులో, తేమ ఆరీ ఆరకుండా ఉంది.

రంగస్వామి మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

"ఏమప్పా రంగస్వామీ," అన్నాడు వీరభద్ర మెల్లగా, "ఇది నాకెందుకు సూపిస్తివి?"

"ఏడేండ్లు సార్. వరుసగా. ముద్ర కూడా ఉండాది."

"ముద్ర ఉండేదే కదప్పా తంటా. సూడకముందు అయితే కండ్లు మూసుకొని సంతకం పెడ్తాంటి. సూసినంక ఎట్ల పెట్టేది? నీ బిడ్డ ఈడ లేదని నువ్వే రుజువు తెస్తివి కద!"

"ఈడ లేకుంటే యాడుండాది సార్? సుగ్గికి పోతిమి, వస్తిమి. ఊరు ఇదే కద."

వీరభద్ర కూడా ఎట్లాగైనా గట్టెక్కించాలనే చూశాడు. సాక్షుల వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఈ పాప ఏడేండ్లుగా ఊర్లోనే ఉన్నట్టు మీరు కండ్లారా సూసినారా?"

"కండ్లారా అంటే," అన్నాడు బొజ్జన్న, "మేమూ ఆ లారీలోనే కద సార్ పోయింది."

"నువ్వేమమ్మా?"

"నేను వాండ్ల పక్క గుడిసెలోనే ఉంటా," అంది నాగలక్ష్మమ్మ. "గుంటూర్లో."

వీరభద్ర పెన్ను కింద పెట్టాడు. "సరే. ఈ వూర్లో ఏడేండ్లు కదలకుండా ఉన్నోడు ఎవురన్నా ఒగడుంటే పిల్చకరాండి. వాని సాక్షి రాసుకుంటా."

నలుగురూ నిజంగానే ఆలోచించారు. శెట్టి అంటే ఆదోని. పూజారి ఉరుకుంద తిరునాళ్లకు నెల రోజులు పోతాడు. మూలింటి తాత కదలడు, కానీ ఆయనకు చూపు లేదు, కండ్లారా చూసినట్టు చెప్పలేడు. చివరికి నాగలక్ష్మమ్మ, "నువ్వు యాడుంటావు సార్?" అని అడిగింది.

"ఎమ్మిగనూర్లో."

"అయితే నీకూ రాదులే," అంది ఆమె, జాలిగా.

బయటికి వచ్చాక రంగస్వామి ఆ కాగితాన్ని మళ్లీ కవరులో పెట్టి, టవల్లో చుట్టాడు. ఇంట్లో భీమక్క మాటల్ని దాచుకునే మనిషి కాదు. "బస్సు చార్జీలు పెట్టుకొని పోయి, బిడ్డ ఈ వూరిది కాదని రాయించకొచ్చినాడు. ఇంకో వంద పెట్టింటే నాకు మొగుడే కాదని కూడా రాయించకొచ్చేటోడు." ఆ రాత్రి రంగస్వామి తినలేదు. శివకుమారికి తండ్రి మీద కోపం రాలేదా అంటే, వచ్చిందట. కానీ 'ఒక్కరోజైనా నాగా పెట్టి ఎరుగదు' అన్న ముక్క దగ్గర ఆగిపోయిందట. తన గురించి ఎవరైనా ముద్ర వేసి రాసిచ్చిన మంచిమాట అదొక్కటే.

ఆమె ఊరుకోలేదు. ఆరో తరగతిలో మూడు నెలలు కూర్చోబెట్టుకున్న హిమబిందు టీచరు నంబరు సంపాదించి ఫోను చేసింది. ఏడేళ్లలో సగం అక్కడే కదా ఉన్నది, అక్కడి స్థానికురాలిగానైనా ఎవరైనా రాసిస్తారా అని అడిగింది. టీచరు అక్కడి వాళ్లను కనుక్కుని మర్నాడు చెప్పింది. "వాళ్లేమన్నారంటే తల్లీ, నువ్వు ఏడాదికి ఐదు నెలలే ఉంటావట. మిగతా ఏడు నెలలు మీ ఊళ్లో ఉంటావు కాబట్టి మీ ఊరిదానివేనట." శివకుమారి థాంక్స్ చెప్పి పెట్టేసింది. నడిమిదిన్నె లెక్కలో ఆమె గుంటూరుది. గుంటూరు లెక్కలో నడిమిదిన్నెది. మధ్యలో మిగిలింది లారీ ఒక్కటే.

ఆగస్టు పంతొమ్మిదిన తండ్రీ కూతురూ కర్నూలు పోయారు. ఏమీ లేకపోయినా అడగడానికి నోరుందని శివకుమారి, పాపం తాను చేసింది కాబట్టి తోడు పోవాలని రంగస్వామి. కాలేజీలో అడ్మిషన్ల గుమాస్తా ధనుంజయ కిటికీ వెనక కూర్చొని ఉన్నాడు. అరవై ఏళ్లకు దగ్గర పడినవాడు, ముక్కు మీద కళ్లద్దాలు, బల్ల మీద వక్కపొడి డబ్బీ. మార్కుల కాగితాలు చూశాడు. "ఓపెన్‌లోనా?" అని పెదవి విరిచాడు. చరిత్ర మార్కులు చూసి పెదవి సర్దుకున్నాడు.

"నివాసం కాగితం యాడమ్మా?"

శివకుమారి జరిగింది చెప్పింది. దాచకుండా, కేశవయ్య కాగితంతో సహా. రంగస్వామి టవల్ విప్పబోయాడు. "తీయొద్దు నాయనా," అంది ఆమె. ధనుంజయ చేయి చాపాడు. "తీయనీ, సూస్తాం." చదివాడు. రెండోసారి కూడా చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ముప్పై రెండేండ్లుగా ఈడ కూర్చొనుండా. లోకల్ అని దొంగ కాగితాలు తెచ్చినోళ్లను వందమందిని సూసినా. లోకల్ కాదని అసలు కాగితం తెచ్చినోళ్లను ఈ పొద్దే సూస్తాండా." వక్కపొడి నోట్లో వేసుకున్నాడు. "సీటు కావల్లనా, లోకల్ కావల్లనా?"

"సీటు సార్."

"అయితే నాన్ లోకల్ కింద పెట్టుకో. మిగతా పదైదు శాతం ఎవురికైనా ఇయ్యొచ్చు. మా కాలేజీకి బయటి జిల్లాల నుంచి ఎవురొస్తారమ్మా? చరిత్రలో ఆరు సీట్లుంటే ఈ ఏడు అడిగినోళ్లు ఇద్దురు. నీ మార్కులకు లోకల్ కోటాలో సీటొచ్చేది కూడా అనుమానమే. దీంట్లో అయితే మూడోదానివి నువ్వే."

"దానికేం కాగితం కావల్ల సార్?"

"ఏం పన్లే. బయటోళ్లను యాడుంటారని ఎవురూ అడగరు."

రంగస్వామి ముందుకు వంగాడు. "సార్, అట్లంటే మేము ఈడోళ్లం కాదని రాసిచ్చినట్టు కదా?"

"అంతే."

"ఎట్ల రాసిస్తాం సార్? మా తాతలు పుట్టింది ఈడనే. పేరు అడిగితే ఊరు చెప్పుకోని బతికినోళ్లం."

అక్కడ నిజంగా చిక్కొచ్చింది. రేపటితో గడువు అయిపోతుంది. రంగస్వామి వరండాలోకి పోయి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. సుగ్గికి పోయిన ప్రతి చోటా 'పడమటోళ్లు' అని పిలిపించుకున్నాడు, ఆ పేరు పడటానికి కారణం తనకో ఊరుండటమే అనుకున్నాడు. ఇప్పుడు ఆ ఊరు కూడా కాదని బిడ్డ చేత రాయించాలి. శివకుమారి తల్లికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. భీమక్క అంతా విని, "మీ నాయనకియ్యి," అంది.

"వింటానే ఉండా," అన్నాడు రంగస్వామి.

"రాయనీ. ఏమైతాది?"

"మా తాత సమాధి ఈడుండాది కదమ్మే!"

"ఉండాది. మీ వంశంలో కదలకుండా ఏడేండ్లు ఊర్లో ఉండింది ఆయనొగడే. సీటు ఆయనకిప్పిద్దామా?"

వరండాలో ఉన్న ఇంకెవరో ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. రంగస్వామి కూడా నవ్వబోయి మానుకున్నాడు. "నీ ఇష్టం శివమ్మా," అని కాలేజీ గేటు బయట టీ తాగడానికి పోయాడు. ఆ రాత చూడకూడదని పోయాడని ఆమెకు తెలుసు.

ధనుంజయ ఒక తెల్లకాగితం ఇచ్చాడు. 'నేను ఈ ప్రాంతపు స్థానికురాలిని కానని, స్థానికేతర అభ్యర్థిగా ప్రవేశం కోరుచున్నానని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను' అని ఆయన చెబుతుంటే ఆమె రాసింది. 'కానని' దగ్గర పెన్ను ఒకసారి ఆగింది. ధనుంజయ తొందరపెట్టలేదు. కింద చిరునామా రాయాలి. ఆమె నడిమిదిన్నె, కర్నూలు జిల్లా అని రాసింది. ఆయన చూశాడు, చూడనట్టు ముద్ర వేశాడు.

సీటు వచ్చింది. హాస్టలు కూడా సులభంగా వచ్చింది, దూరం నుంచి వచ్చినవాళ్లకు అక్కడ మొదటి ప్రాధాన్యం. బయటి జిల్లా పిల్ల అని వార్డెను శివలీల మొదటి వారం ఆమెను కాస్త గారాబంగా చూసింది. మా వైపు కూడు నీకు కారమేమో అని అడిగింది. శివకుమారి లేదండి, అలవాటైంది అంది. నిజమే, పదిహేనేళ్లుగా మిరపకాయల మధ్యనే ఉంది.

నవంబరులో లారీ పోయింది. రంగస్వామి, భీమక్క, ఎనిమిదో తరగతి చదువుతున్న తమ్ముడు చిన్న ఈరన్న ఎక్కారు. ఈసారి ఆమె ఎక్కలేదు. కేశవయ్య అడిగితే, "కాలేజీలో ఉండాది," అని చెప్పానని రంగస్వామి ఫోనులో అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, రెండు క్లాసుల మధ్య ఆమెకు ఫోను వచ్చింది. వీరభద్ర.

"పాపా, నేను మీ వూరి వీఆర్వోను. ఇంటింటి సర్వే అంటాండారు, రేపు మాపటికి ఇయ్యల్ల. మీ వీధిలో నలభై ఇండ్లు, ఒగ వాకిలి కూడా తీసిలేదు. యాడ ఎవురుండారో చెప్పేటోళ్లే లేరు. నీకు తెలిసింటాదని చేసినా."

"నాకెట్ల తెలుస్తాది సార్? నేను ఆ వూరిదాన్ని కాదు కదా."

ఆయన ఇబ్బంది పడ్డాడని అర్థమై ఆమే మళ్లీ అందుకుంది. "రాసుకోండి," అంది. అమ్మ ఫోన్లలో విన్నదంతా లారీలో ఎక్కే వరసలోనే చెప్పుకుంటూ పోయింది. ఎవరు ఏ రైతు దగ్గర ఉన్నారో, ఏ గుడిసెలో ఎంతమందో, ఎవరికి కాన్పు అయిందో, ఎవరు కోత మానేసి బెంగుళూరు పోయారో. నలభై ఇళ్లూ చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన మధ్యలో 'ఊ' అంటూ రాసుకున్నాడు.

"వీళ్లందర్నీ ఏమని రాస్తారు సార్?"

"ఊర్లో ఉన్నట్టే రాస్తా. ఆరు నెలల్లోపల తిరిగొచ్చేటోళ్లను ఉన్నట్టే రాయమన్నారు. కూలికి పోయినా ఇల్లు ఈడనే కదా."

"ఆగస్టులో ఈ లెక్క లేకపోయె కదా సార్?"

"అది సర్టిఫికెట్టు పాపా. ఇది సర్వే." ఆయన గొంతులో ఎగతాళి లేదు, నిజంగా తేడా వివరిస్తున్నాడు. "మీ ఇంట్లో ముగ్గుర్ని ఊర్లో ఉన్నట్టు రాసినా. మీ నాయన్ని, మీ అమ్మని, మీ తమ్ముణ్ని."

"నన్ను?"

కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"నువ్వు ఏడాది పొడుగునా కర్నూల్లోనే ఉంటావు కద. నిన్ను వలస పోయినట్టు రాసినా."

క్లాసు గంట కొట్టారు. సరే సార్ అని ఆమె ఫోను పెట్టేసి లోపలికి పోయింది.